కోర్టు చెప్పిందిగా, ఇంకేం మాట్లాడతాం?

ఇది కాస్త పొడుగు. తీరిక చూసుకుని చదవండి.

కిందటి నెల కార్యవర్గంలో మన భజన మందిరం సంగతి వచ్చింది. మందిరం ప్రజా దేవాలయమా, మనవాళ్ళు తమ కోసం కట్టుకున్నదా అన్నది తేల్చడానికి పత్రాలు పట్టుకుని రమ్మని నోటీసు వచ్చింది కదా, దాని మీద. అరగంట అనుకున్న చర్చ పది నిమిషాల్లో అయిపోయింది. ముగించిన మాట ఒక్కటే: “ఇలాంటివాటికి ప్రత్యేక హక్కుల్లేవని కోర్టే చెప్పిందిగా, ఇంకేం మాట్లాడతాం?” అందరూ తలలూపారు. టీ వచ్చింది.

ఏ కోర్టు, ఏ సంవత్సరం, ఎంతమంది జడ్జీలు, ఏ గుడి విషయంలో అని ఒక్కరూ అడగలేదు. చెప్పినాయనకు కూడా తెలియదని నా అనుమానం. ఎక్కడో ఫార్వర్డు మెసేజిలో చూసి ఉంటారు.

ఇదే మనవాళ్ళు 2018 సెప్టెంబరులో శబరిమల తీర్పు వచ్చినప్పుడు ఏమన్నారో మరిచిపోలేదు కదా? ఏటేటా మాల వేసుకునే గురుస్వాములు మన సంఘంలో పదిహేనుమందికి తక్కువ లేరు. జడ్జీలకు దీక్ష గురించి ఏం తెలుసు, ఇది మా విశ్వాసం, కోర్టుకేం పని అని రోజుకు ముప్పై మెసేజిలు. అప్పుడు కోర్టు చెప్పిందిగా అని ఎవరైనా అని ఉంటే కొట్టేవాళ్ళే. మనకు నచ్చితే తీర్పు వేదవాక్కు, నచ్చకపోతే జడ్జిగారి అజ్ఞానం. ఈ రెండు మాటల వెనకా ఉన్నది ఒకటే సోమరితనం. తీర్పు చదవం. చదవకుండానే దండం పెడతాం, చదవకుండానే తిడతాం.

నేను చెప్పదలచుకున్నది ఇది. కోర్టు ఉత్తర్వు అమల్లో ఉన్నంతకాలం దాన్ని పాటించి తీరాలి. అందులో రెండో మాట లేదు. కానీ పాటించడం వేరు, అదే సత్యమని ఒప్పేసుకోవడం వేరు. మతానికీ ప్రభుత్వానికీ మధ్య గీత ఎక్కడ గీయాలి అన్న విషయంలో మన పెద్ద కోర్టులు ఎన్నోసార్లు తప్పాయి. తప్పామని అవే ఒప్పుకున్నాయి. ఆ ఒప్పుకోవడం దానంతట అది జరగలేదు. ఎవరో ఒక చిన్న గుంపు పాత తీర్పు ముందు చేతులు కట్టుకుని కూర్చోకుండా మళ్ళీ వెళ్ళి అడిగారు కాబట్టి జరిగింది.

రాజ్యాంగమే చూడండి. సుప్రీంకోర్టు ప్రకటించిన చట్టానికి దేశంలోని కోర్టులన్నీ కట్టుబడాలని 141వ అధికరణం అంటుంది. కట్టుబడాలి అంది గానీ అందులో తప్పు ఉండదు అనలేదు. నాలుగు అధికరణాలు ముందుకు పోతే 137 ఉంది. తన తీర్పును తానే పునఃపరిశీలించుకునే అధికారం సుప్రీంకోర్టుకు ఇచ్చింది అదే. తప్పే జరగదనుకుంటే ఆ అధికరణం రాసుకోవలసిన అవసరం ఏముంది? అమెరికా సుప్రీంకోర్టు జడ్జి రాబర్ట్ జాక్సన్ 1953లో తన కోర్టు గురించే దాదాపు ఇదే అన్నారు. మేం తప్పు చేయం కాబట్టి మాది ఆఖరి మాట కాలేదు, మాది ఆఖరి మాట కాబట్టే మేం తప్పు చేయనట్టు లెక్క అని దాని సారం. ఆ జాక్సన్ సంగతి మళ్ళీ వస్తుంది.

ముందు మన చట్టం దగ్గర మొదలుపెడదాం. ఉడుపి అష్టమఠాల్లో శిరూరు మఠం ఒకటి. ఆ రోజుల్లో ఉడుపి దక్షిణ కన్నడ జిల్లాలో, ఆ జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. 1951లో మద్రాసు శాసనసభ చేసిన హిందూ మత ధర్మాదాయ చట్టం తమిళ జిల్లాలకూ, ఆంధ్ర జిల్లాలకూ, మలబారుకూ, దక్షిణ కన్నడకూ ఒక్కటే. అంటే మన తాతల నాటి గుళ్ళు, సత్రాలు, మఠాలు అన్నీ దాని కిందివే. ఆ చట్టాన్ని శిరూరు స్వామివారు సవాలు చేశారు. 1954లో ఏడుగురు జడ్జీల ధర్మాసనం తీర్పు ఇచ్చింది, రాసింది జస్టిస్ బి.కె. ముఖర్జియా. మఠాల ఆదాయంలో నూటికి 5 వరకూ ప్రభుత్వం వసూలు చేసుకునే నిబంధన ఫీజు కాదు, పన్నే అని కొట్టేసింది. కమిషనరుగారు ఎప్పుడంటే అప్పుడు, ఎక్కడికంటే అక్కడికి మఠంలోకి వచ్చేసే అధికారాన్ని కూడా కొట్టేసింది. ఆస్తుల లెక్కలు, పాలన ప్రభుత్వం క్రమబద్ధం చేయవచ్చు, అది మతం జోలికి రావడం కాదు అని కూడా అంది. కానీ నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది ఇంకొకటి. ఒక మతంలో ఏది ముఖ్యమో ఎలా తెలుసుకోవాలి అంటే, ప్రధానంగా ఆ మతం తన సిద్ధాంతాల్లో ఏం చెప్పుకుంటుందో చూసి తెలుసుకోవాలి అని ఆ ఏడుగురూ అన్నారు. ఏ నైవేద్యం ఎప్పుడు పెట్టాలి అన్నది కూడా ఆ మతంవాళ్ళ మాటే.

ఇక్కడిదాకా బాగుంది. ఏడేళ్ళు తిరిగేసరికి ఏమైంది? 1961లో అజ్మీరు దర్గా కేసు వచ్చింది. ఈసారి ధర్మాసనంలో ఐదుగురు. జస్టిస్ గజేంద్రగడ్కర్ రాస్తూ, మతాచారంగా కనిపించేది కూడా నిజానికి మూఢనమ్మకంలోంచి పుట్టి, మతానికి బయటి నుంచి వచ్చి అంటుకున్నది కావచ్చు, అలాంటివాటిని జాగ్రత్తగా పరిశీలించి పక్కన పెట్టాలి అన్నారు. పరిశీలించేది ఎవరు? కోర్టు. అంటే ఏది మీకు ముఖ్యమో మీరు చెప్పండి అన్న ప్రశ్న, మీకు ఏది ముఖ్యమో మేం చెప్తాం అని మారిపోయింది. ఏడుగురు చెప్పిన మాటను ఐదుగురు మార్చారు, మారుస్తున్నాం అని చెప్పకుండానే మార్చారు. ఆ తర్వాత వచ్చిన పెద్ద మత కేసుల్లో చాలా వరకు ఈ రెండో దారినే నడిచాయి. ఇది తప్పు మలుపు అని నా గట్టి నమ్మకం.

ఎందుకు తప్పో ఆనందమార్గం కేసు చూస్తే తెలుస్తుంది. వీధిలో పుర్రె, కత్తి పట్టుకుని తాండవం చేస్తామని వాళ్ళు, వీల్లేదని కలకత్తా పోలీసులు. శాంతిభద్రతల కోసం ఆపితే ఆపొచ్చు, రాజ్యాంగంలోనే ఆ మినహాయింపు ఉంది, అక్కడ నాకు పేచీ లేదు. కానీ 1983లో కోర్టు ఏమందంటే, మీ సంస్థ మొదలైంది 1955లో, మీ గురువు తాండవం చేయమన్నది 1966లో, కాబట్టి ఇది మీ మతంలో తప్పనిసరి భాగం కాదు అంది. వాళ్ళు తమ గ్రంథంలో తాండవాన్ని చేర్చుకుని మళ్ళీ వెళితే, 2004లో మెజారిటీ తీర్పు, తర్వాత చేర్చుకున్నది తప్పనిసరి ఆచారం కాలేదు అంది. జస్టిస్ ఎ.ఆర్. లక్ష్మణన్ ఒక్కరే విభేదించారు.

ఇప్పుడు ఈ కొలబద్దతో మన పండుగలను కొలవండి. బరంపురంలో రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి యాత్ర, దానికి పెద్దగా నిలబడే నేతవాళ్ళ దేశీబెహెరా, ఆ వీధిలో అమ్మవారు దిగే తాత్కాలిక మందిరం. సోలాపూరులో పద్మశాలీలు రాఖీ పున్నమికి తీసే మార్కండేయ రథం. మన వీధుల్లో ఎత్తే బోనాలు, గరగలు, కరువు ఏడాది మొక్కుకుని మొదలుపెట్టిన ఊరేగింపులు. ఏ శాస్త్రంలో రాసి ఉంది, ఎప్పుడు మొదలైంది, ఇది లేకపోతే మీ మతం మారిపోతుందా అని రేపు ఒక న్యాయవాది లేచి అడిగితే ఏం చెప్తాం? పొట్ట చేతబట్టుకుని వలస వచ్చినవాళ్ళ దేవుళ్ళకు పుస్తకాలుండవండీ. మన భక్తి తాతనోట, అమ్మనోట వచ్చింది. గ్రంథం ఉన్నవాడికి ఒక న్యాయం, గ్రంథం లేనివాడికి ఇంకో న్యాయం అయ్యే పరీక్ష అది. దానివల్ల ఎక్కువ నష్టపోయేది మనలాంటి వలస సమాజాలే.

ఈ తప్పు మలుపును ఆనాడే గుర్తించినవాళ్ళలో మన తెలుగు జడ్జి ఒకాయన ఉన్నారు. జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. ఆయన పేరు మన సభల్లో ఒక్కసారి కూడా వినపడకపోవడం నాకు బాధ. పద్యాలు పాడిన ప్రతి ఒక్కరికీ శాలువా కప్పే మనం, ఈయన రాసిన రెండు తీర్పులు చదివి ఉండాల్సింది.

మొదటిది ఆరోవిల్ కేసు. పుదుచ్చేరి పక్కనే, మన యానాం మిత్రులు రాజధాని పనికి వెళ్ళినప్పుడల్లా దాటిపోయే చోటే. 1980లో కేంద్రం ప్రత్యేక చట్టం చేసి ఆరోవిల్ యాజమాన్యాన్ని చేతిలోకి తీసుకుంది. అరవిందుల బోధ మతమా, తత్త్వమా అన్న ప్రశ్న వచ్చింది. 1982లో మెజారిటీ జడ్జీలు అది మతం కాదు, తత్త్వం అన్నారు. చిన్నప్పరెడ్డిగారు ఒప్పుకోలేదు. అరవిందుల అనుయాయులను హిందూ ధర్మంలో ఒక కొత్త శాఖగా, ఒక మత వర్గంగా చూడొచ్చు అన్నారు. తమాషా ఏమిటంటే, చివరకు ఆయన కూడా చట్టాన్ని సమర్థించారు, ఎందుకంటే యాజమాన్యం మత విషయం కాదు. అంటే ప్రభుత్వం గెలవడానికి, మీది మతమే కాదు అని ఒకరి ముఖం మీద చెప్పాల్సిన అవసరం లేదని ఆయన చూపించారు. ఆస్తిని ఆస్తిలా చూడు, విశ్వాసాన్ని విశ్వాసంగా వదిలేయి. ఇంతకన్నా మర్యాద ఏముంటుంది?

రెండోది 1986 నాటి జాతీయగీతం కేసు. కేరళలో ముగ్గురు పిల్లలు, యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖవాళ్ళు. బడిలో జనగణమన పాడేటప్పుడు అందరితో పాటు లేచి మర్యాదగా నిలబడేవారు, పాడేవారు కాదు. 1985లో బడి నుంచి తీసేశారు. కేరళ హైకోర్టుకు వెళితే, గీతంలో ఒక్కో మాటా చూశాం, ఇందులో ఎవరి మతాన్నీ నొప్పించేది ఏదీ లేదు అని పిటిషను కొట్టేసింది. మామూలుగా వింటే మనకూ సబబే అనిపిస్తుంది. కానీ చిన్నప్పరెడ్డిగారు అసలు ప్రశ్నే తప్పు అన్నారు. మనకు ఆ నమ్మకం సబబుగా ఉందా లేదా అన్నది కాదు, వాళ్ళు దాన్ని నిజాయతీగా నమ్ముతున్నారా లేదా అన్నదే చూడాలి అని, పిల్లలను మళ్ళీ బడిలో చేర్చుకోమన్నారు. నా లెక్కలో మతం విషయంలో ఒక జడ్జి వేసుకోవాల్సిన ప్రశ్న ఇదొక్కటే.

ఆ తీర్పులో ఆయన అమెరికా అనుభవాన్ని కూడా చూశారు. అక్కడ 1940లో ఇదే శాఖ పిల్లలు బడిలో జెండాకు వందనం చేయమన్నప్పుడు, చేయాల్సిందే అని సుప్రీంకోర్టు 8-1 తేడాతో చెప్పింది. తీర్పు వచ్చాక చాలా ఊళ్ళలో ఆ శాఖవాళ్ళ మీద గుంపులు పడి కొట్టాయి. మూడేళ్ళు గడవకుండా, 1943లో అదే కోర్టు 6-3 తేడాతో తన మాట తానే తీసేసింది. 1940లో అటు ఓటేసిన జడ్జీల్లో ముగ్గురు మనసు మార్చుకున్నారు. 1943 తీర్పు రాసింది పైన చెప్పిన జాక్సన్‌గారే. 1940లో కోర్టు చెప్పిందిగా అని ఆ కుటుంబాలు ఊరుకుని ఉంటే?

సరే, ఇవన్నీ ఎవరివో కేసులు, మనకేం సంబంధం అనేవాళ్ళకు ఇప్పుడు అసలు సంగతి. 1967లో అజీజ్ బాషా కేసులో ఐదుగురు జడ్జీలు అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం మైనారిటీ సంస్థ కాదన్నారు. కారణం, 1920లో దాన్ని చట్టం చేసి ఏర్పాటు చేసింది కేంద్ర శాసనసభ, కాబట్టి ముస్లింలు స్థాపించినట్టు కాదు. డబ్బు పోగుచేసి, కాలేజీ కట్టి, దాన్ని విశ్వవిద్యాలయం చేయమని తిరిగిందంతా లెక్కలోకి రాలేదు. 57 ఏళ్ళు ఆ మాటే చెల్లింది. 2024 నవంబరు 8న ఏడుగురు జడ్జీల ధర్మాసనం 4-3 తేడాతో ఆ తర్కాన్ని కొట్టేసింది. చట్టం ద్వారా ఏర్పడినంత మాత్రాన మైనారిటీలు స్థాపించలేదని అనలేం, దాని వెనక ఆలోచన ఎవరిది, పూనిక ఎవరిది, ఎవరి కోసం అన్నవి చూడాలి అంది. అలీగఢ్ సంగతి ప్రత్యేకంగా తేల్చడం వేరే బెంచికి వదిలింది.

ఆ రోజు మన గ్రూపులో ఏం జరిగింది? పాత తీర్పే కరెక్టు, వాళ్ళకు మళ్ళీ తలుపులు తెరిచారు అని అంగలార్చినవాళ్ళే ఎక్కువ. అయ్యా, ఆ తలుపు మనది కూడా. 30వ అధికరణం మతం ఆధారంగా అయినా, భాష ఆధారంగా అయినా మైనారిటీలు అంటుంది. తమిళనాడులో, కర్ణాటకలో, ఒడిశాలో, మహారాష్ట్రలో తెలుగువాడి బడికి, కాలేజీకి ఉన్న రక్షణ ఆ ఒక్క అధికరణమే. మైనారిటీ ఎవరు అన్నది రాష్ట్రం యూనిట్‌గా చూడాలని 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో 11 మంది జడ్జీలు చెప్పారు. (యానాం సంగతి ఇంకా తమాషా. యానాంలో చూస్తే తెలుగే ఎక్కువ, పుదుచ్చేరి మొత్తం చూస్తే తక్కువ.) మన పెద్దలు చందాలు ఎత్తి కట్టిన బడికి తర్వాత ప్రభుత్వ ఎయిడ్ వచ్చింది, గుర్తింపు వచ్చింది. ఇది మీరు స్థాపించింది కాదు అని రేపు ఎవరైనా అంటే, మనం పట్టుకోవాల్సింది 2024 తీర్పునే. ఏ తీర్పు చూసి ఏడ్చామో అదే రేపు మన గొడుగు.

ఈ విద్యాసంస్థల విషయంలో కోర్టు తనను తాను ఎన్నిసార్లు దిద్దుకుందో చూస్తే తల తిరుగుతుంది. 1993లో ఉన్నికృష్ణన్ కేసు. అది ఆంధ్రప్రదేశ్ మీద వేసిందే. అందులో ప్రైవేటు కాలేజీల సీట్లకు, ఫీజులకు ఒక పథకం పెట్టారు. 2002లో 11 మంది అది సరికాదన్నారు. ఆ 2002 తీర్పు అర్థమేమిటో చెప్తామని 2003లో ఐదుగురు కూర్చుని ఇంకోటి చెప్పారు. 2005లో మహారాష్ట్ర నుంచి వెళ్ళిన ఇనాందార్ కేసులో ఏడుగురు కూర్చుని, ఆ ఐదుగురు చెప్పిందాంట్లో కొంత తప్పు అన్నారు. పన్నెండేళ్ళలో ఇంత. మధ్యలో ఏ ఏడాదిలో పట్టుకుని కోర్టు చెప్పిందిగా అనాలి?

ఇక మనకు చేదుగా ఉండేది ఒకటి. కోర్టు ఎప్పుడూ ప్రభుత్వం వైపే తప్పుతుందని నేననడం లేదు. మతపెద్దల వైపు కూడా తప్పగలదు. 1949లో బొంబాయి రాష్ట్రం ఎవరినీ మతం నుంచి, కులం నుంచి వెలివేయకూడదని చట్టం చేసింది. దావూదీ బోహ్రాల మతగురువు సవాలు చేస్తే, వెలివేసే అధికారం మత వ్యవహారమే అని 1962లో సుప్రీంకోర్టు 4-1తో చట్టాన్ని కొట్టేసింది. ఆ ఒక్కరు ప్రధాన న్యాయమూర్తి సిన్హా. వెలి పడినవాడు శ్మశానంలో చోటుకు కూడా నోచుకోడు, అంటరానివాడిలా బతకాలి, అది మనిషి గౌరవం మీద దెబ్బ, అందుకే ఆ చట్టం చెల్లుతుందని ఆయన వాదం. 61 ఏళ్ళ తర్వాత, 2023 ఫిబ్రవరిలో ఐదుగురు జడ్జీలు, ఆ మెజారిటీ తీర్పును మళ్ళీ చూడాలని, శబరిమల ప్రశ్నలు పరిశీలించే తొమ్మిదిమంది ధర్మాసనానికి పంపారు. సిన్హాగారిదే సరైన మాట అని నేననుకుంటాను. మహారాష్ట్ర ఈలోగా ఆగలేదు, 2016లో సాంఘిక బహిష్కారానికి వ్యతిరేకంగా వేరే చట్టం చేసుకుంది. కుల పంచాయతీలు పెట్టి, వేరే కులంలో పెళ్ళి చేసుకున్న పిల్లల ఇళ్ళకు శుభకార్యాల పిలుపులు ఆపించే పెద్దమనుషులు మన తెలుగు సంఘాల్లో లేరా? నేను పేర్లు చెప్పను. వాళ్ళకు 1962 తీర్పు తెలిస్తే, దానికి దండ వేస్తారు. మతస్వేచ్ఛ అంటే మఠాధిపతి స్వేచ్ఛ ఒక్కటే కాదు, ఆ మఠం ముందు నిలబడ్డ మామూలు మనిషిది కూడా. ఒక గుంపు హక్కు కోసం కొట్లాడేవాడు ఆ గుంపు లోపలి మనిషి హక్కు దగ్గర కళ్ళు మూసుకుంటే నేను వాడితో లేను.

ఒడిశా మిత్రులకు ఒక్క మాట. మీ రాష్ట్రం 1967లో చేసిన మతమార్పిడి చట్టాన్ని 1972లో ఒడిశా హైకోర్టు కొట్టేసింది, 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు నిలబెట్టింది. మతాన్ని ప్రచారం చేసే హక్కులో ఎదుటివాణ్ని మార్చే హక్కు లేదు అంది. ఎదుటివాడు తనంతట తాను మారాలనుకుంటే అతని మనస్సాక్షి సంగతేమిటి అన్నదాని మీద ఆ తీర్పు సరిగ్గా నిలబడలేదు. రాజ్యాంగ పండితుడు హెచ్.ఎం. సీర్వాయ్ తన పుస్తకంలో ఇది స్పష్టంగా తప్పు, తిరగరాయాలి అన్నారు. ఇప్పటికీ అదే చట్టం. ఇప్పటికీ పాటించాల్సిందే. ఇప్పటికీ తప్పని వాదించొచ్చు. మూడూ ఒకేసారి నిజం కావడంలో కష్టమేమీ లేదు.

ఇలా మాట్లాడితే కోర్టు ధిక్కారం అవుతుందేమోనని మన కార్యదర్శిగారు భయపడ్డారు. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం 5వ సెక్షనే, తేలిపోయిన కేసు మంచిచెడ్డల మీద న్యాయమైన విమర్శ ధిక్కారం కాదని చెప్తోంది. జడ్జికి ఉద్దేశాలు అంటగట్టడం, లంచం తిన్నాడు, ఆ కులంవాడు కాబట్టి ఇలా రాశాడు అనడం, అవి ధిక్కారం. ఆ మాటకొస్తే మన గ్రూపులో రోజూ పడేవి ఈ రెండో రకమే. భయపడాల్సింది వాటికి.

తీర్పులు ఇలా మారుతూ పోతే స్థిరత్వం ఏముంటుంది అని ఇంకో పెద్దాయన అడిగారు. అది నిజమైన ప్రశ్నే, కొట్టిపారేయను. బ్యాంకు వడ్డీ మీద, స్టాంపు డ్యూటీ మీద తీర్పు రోజుకోలా మారితే బతకలేం. పాత తీర్పు కదపకూడదన్న నియమం అందుకే ఉంది. కానీ ఒకడి విశ్వాసం విషయంలో జరిగిన తప్పును కేవలం పాతబడింది కాబట్టి ఉంచేయమనడం, ఇంటి హద్దురాయి తప్పుగా పాతారని తెలిసినా పాతి నలభై ఏళ్ళయింది కదా అనడంలాంటిది. ఆ రాయి అవతల పోయిన నేల ఎవరిదో వాణ్ని అడగండి.

ఇప్పుడు తమిళనాడుకు వద్దాం. చిదంబరం నటరాజస్వామి గుడి. 1951లో ప్రభుత్వం అక్కడ ఎగ్జిక్యూటివ్ ఆఫీసరును వేస్తే, పొదు దీక్షితులు ఒక మత వర్గం అని ఒప్పుకుని మద్రాసు హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. సుప్రీంకోర్టుకు వెళ్ళిన ప్రభుత్వం 1954లో ఉత్తర్వునే వెనక్కి తీసుకుంది. అయిపోయిందనుకున్నారు. 1987లో మళ్ళీ ఆఫీసరును వేశారు. 2009లో అదే మద్రాసు హైకోర్టు ఈసారి ప్రభుత్వం వైపు చెప్పింది. దీక్షితులు ఆగలేదు. 2014 జనవరి 6న సుప్రీంకోర్టు, 1951 నాటి తీర్పు ఇద్దరికీ కట్టుబాటే, పైగా పాలనలో లోపాలున్నాయని తీసుకున్నా అవి సరిదిద్దేదాకానే తప్ప శాశ్వతంగా అట్టిపెట్టుకోకూడదు అని చెప్పి గుడిని వాళ్ళకు తిరిగి ఇచ్చింది. 2009లో కోర్టు చెప్పిందిగా అని వాళ్ళు టీ తాగి ఇంటికి పోయి ఉంటే 2014 లేదు. దీక్షితుల పాలన అంతా సవ్యంగా ఉందని నేను పూచీ పడను. వాళ్ళు నెగ్గడానికి కారణం భక్తి ఎక్కువ ఉండటం కాదు, 1951 నాటి కాగితాలు వాళ్ళ దగ్గర ఉండటం.

మన మందిరానికి ఆ అదృష్టం ఉందో లేదో తెలియదు. మనం దీక్షితులం కాదు. ఒక కులం పేరో, ఒక భాష పేరో పెట్టుకున్నంత మాత్రాన 26వ అధికరణం కింద మత వర్గం అయిపోము. ఉమ్మడి విశ్వాసం, ఉమ్మడి నిర్వహణ, ప్రత్యేకమైన పేరు, ఈ మూడూ చూపించాలి. 1959 చట్టంలో దేవాలయం అంటే హిందువులందరికీ గానీ వాళ్ళలో ఒక వర్గానికి గానీ ప్రజా ఆరాధనకు ఇచ్చిన చోటు అని ఉంది, కాబట్టి మావాళ్ళు మాత్రమే వస్తారు అన్నంత మాత్రాన తప్పించుకోలేం. మొన్న తలలూపినవాళ్ళ మాటలో అంతవరకు నిజముంది. కానీ అదే చట్టం 107వ సెక్షను, 26వ అధికరణం కింది హక్కులకు ఈ చట్టం అడ్డురాదని కూడా అంటోంది. 63వ సెక్షను కింద జాయింట్ కమిషనర్ విచారణ, ఆయన కాదంటే కమిషనరుకు అప్పీలు, ఆ పైన సివిల్ కోర్టులో దావా. మూడు మెట్లు ఉన్నాయి. మనం మొదటి మెట్టు కూడా ఎక్కకుండానే దిగిపోతున్నాం.

ఓడిపోవచ్చు. హుండీ పెట్టామా, బయటివాళ్ళ దగ్గర చందా తీసుకున్నామా, తలుపులు అందరికీ తీశామా, ఉత్సవానికి ఊరంతా వచ్చిందా, ఇవన్నీ అడుగుతారు. అబద్ధం చెప్పొద్దు. నిజంగానే ప్రజా దేవాలయం అని తేలితే లెక్కలు చూపించడానికి మనకు సిగ్గెందుకు? లెక్కలు సరిగ్గా ఉన్న సంఘానికి ఆడిట్ అంటే భయముండదు. అది వేరే రోజు రాస్తాను, కొందరికి కోపం వస్తుంది.

ప్రస్తుతానికి కావాల్సింది కాగితం. మందిరం స్థలం కొన్న దస్తావేజు నకలు, మొదటి మినిట్స్ పుస్తకం, తెలుగులో చేత్తో రాసిన చందాల పద్దు, ప్రతిష్ఠ నాటి ఆహ్వాన పత్రిక, పాత కరెంటు బిల్లు, ఏది ఉన్నా సరే. ముప్పై నలభై ఏళ్ళ కిందట కోశాధికారులుగా చేసినవాళ్ళ ఇళ్ళల్లో, అటక మీద ట్రంకు పెట్టెల్లో ఇవి ఉంటాయి. వాళ్ళ పిల్లలు పాత పేపర్లవాడికి వేసేయక ముందే వెళ్ళి అడగండి. చిరిగిపోయిన పేజీ అయినా ఫోనులో ఫోటో తీసి గ్రూపులో పెట్టండి, అసలు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి. తమిళం బాగా చదవగలిగినవాళ్ళు ఇద్దరు, నోటీసులోని ప్రతి పేరా మనకు తెలుగులో చెప్పాలి. సుప్రీంకోర్టు తన వెబ్‌సైటులో కొన్ని తీర్పుల తెలుగు అనువాదాలు కూడా పెడుతోంది, మన పిల్లల్లో లా చదివేవాళ్ళు వెతికి పెట్టండి. తీర్పులో భిన్నాభిప్రాయం ఉంటే దాన్ని కూడా పెట్టండి, గెలిచినవైపు మాత్రమే కత్తిరించి పెట్టొద్దు.

వచ్చే ఆదివారం పదింటికి మందిరంలోనే కూర్చుందాం. ఎవరికి వారు తెచ్చింది బల్ల మీద పెట్టాక, వకీలు దగ్గరికి ఎవరెవరు వెళ్ళాలో అప్పుడు చూద్దాం.